పాత ఔట్‌బోర్డ్ మోటారులో స్పార్క్ ఎక్కడ నీరసిస్తుంది?

నార్వే నుంచి అమెరికాకు వలస వెళ్లిన కుటుంబానికి చెందిన ఓలే ఎవిన్‌రూడ్, పడవ వెనుక తగిలించుకునే మోటార్లను మిల్వాకీ నగరంలో 1909లో తయారు చేసి అమ్మడం మొదలుపెట్టారు. ఎవిన్‌రూడ్, జాన్సన్ పేర్లతో 1950, 1960 దశకాల్లో వచ్చిన చిన్న రెండు సిలిండర్ల మోటార్లు విస్కాన్సిన్, మిన్నెసోటా సరస్సుల మీద ఇప్పటికీ తిరుగుతున్నాయి. వాటిని బాగుచేసి నడుపుకోవడం అక్కడ చాలామందికి ఇష్టమైన వ్యాపకం. తాడు ఎంత లాగినా అలాంటి మోటారు అందుకోకపోతే, స్పార్క్ సన్నగా, పసుపు రంగులో కనిపిస్తే, ఎక్కువమంది ముందుగా కొత్త కాయిల్ (స్పార్క్‌కు కావలసిన వోల్టేజిని పుట్టించే తీగచుట్ట) కొంటారు. అసలు లోపం చాలాసార్లు కంటికి కనిపించని ఒక పొరలో ఉంటుందని, కాయిల్ జోలికి వెళ్లే ముందు దాన్ని వెతకాలని నా అభిప్రాయం. ఎందుకో తెలియాలంటే ఆ స్పార్క్ పుట్టే తీరును కొంచెం దగ్గరగా చూడాలి.

ఈ మోటార్ల ఇగ్నిషన్‌కు బ్యాటరీ అవసరం లేదు. ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రమైన ఫ్లైవీల్ లోపలి అంచున బిగించిన అయస్కాంతం, కింద పలక మీద ఉన్న కాయిల్ ఇనుప రేకుల పక్కనుంచి దూసుకుపోయినప్పుడు, 1831లో ఫారడే కనుగొన్న ప్రేరణ సూత్రం ప్రకారం ప్రైమరీ చుట్టలో కరెంటు పుడుతుంది. పాయింట్లు, అంటే ఆ కరెంటు దారిని మూసి తెరిచే చిన్న లోహపు స్విచ్, మూసి ఉన్నంతసేపు ఆ కరెంటు పెరుగుతూ పోయి, శిఖరానికి చేరిన సమయంలో ఇరుసు మీది ఉబ్బెత్తు భాగమైన క్యామ్ పాయింట్లను తెరుస్తుంది. దారి తెగగానే అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా కూలిపోతుంది. ప్రైమరీకి ఎన్నో రెట్లు చుట్లున్న సెకండరీలో వేల వోల్టులు పుట్టి ప్లగ్ దగ్గర గాలిని చీల్చుకుని దూకుతాయి. మన ఊళ్లలో పాత లూనా మోపెడ్లు, చేతక్ స్కూటర్లు బాగుచేసిన మెకానిక్కులకు ఈ అమరిక కొత్తది కాదు. వాటిలోనూ ఫ్లైవీల్ అయస్కాంతం, పాయింట్లు, వాటి మధ్య మెరుపులు లేవకుండా చూసే కండెన్సర్ ఉండేవి.

స్పార్క్ బలాన్ని ప్లగ్ విప్పి బయట చూసి నిర్ణయించడం మోసపోవడమే. ఈ మోటార్ల ప్లగ్ సందు సుమారు 0.75 మిల్లీమీటర్లు. బయటి గాలిలో ఆ సందును దాటడానికి మూడున్నర వేల వోల్టులు చాలు. సిలిండర్ లోపల మిశ్రమం నొక్కుకుపోయి ఒత్తిడి ఎన్నో రెట్లు పెరిగినప్పుడు, అదే సందుకు కావలసిన వోల్టేజి కూడా దానితోపాటు పెరుగుతుంది. 1889లో పాషెన్ సూత్రీకరించిన నియమం చెప్పేది ఇదే. అందుకే బయట మెరిసిన ప్లగ్ లోపల మూగబోవచ్చు. దీనికి మెకానిక్కులు పాటించే పరీక్ష చాలా నమ్మదగినది: రెండు ప్లగ్‌లనూ విప్పి, స్పార్క్ టెస్టర్‌లో 6 మిల్లీమీటర్ల సందు పెట్టి, దాన్ని ఇంజిన్ లోహానికి గట్టిగా ఆనించి తాడు లాగాలి. తెల్లటి నీలి రంగులో, టప్పున చప్పుడు చేస్తూ దూకితే ఇగ్నిషన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. ప్లగ్ రంధ్రాల నుంచి పెట్రోలు ఆవిరి వస్తుంది కనుక టెస్టర్‌ను వాటికి దూరంగా ఉంచడం తప్పనిసరి.

ఇక ఆ పొర సంగతి. ప్రైమరీ చుట్ట నిరోధం మహా అయితే ఒకటి, రెండు ఓములు. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న టంగ్‌స్టన్ పాయింట్ల మీద ఆక్సైడు పేరుకుని అదనంగా ఇంకొక్క ఓము అడ్డుపడినా, తాడుతో లాగే నెమ్మది వేగంలో కరెంటు దాదాపు సగానికి పడిపోగలదు. కాయిల్‌లో నిలిచే శక్తి కరెంటు వర్గానికి అనులోమంగా ఉంటుంది కనుక స్పార్క్‌కు అందేది నాలుగో వంతే. ఇంటి కరెంటుకు ఒక ఓము లెక్కలోకి రాదు. ఇక్కడ అదే మోటారును ఆపేస్తుంది. మీటరుతో చూడాలనుకుంటే కాయిల్ తీగను పాయింట్ల నుంచి విడదీసిన తర్వాతే చూడాలి, లేకపోతే మీటరు ప్రైమరీ చుట్టను కూడా కలిపి కొలుస్తుంది.

శుభ్రం చేయడానికి ఎమరీ కాగితం వాడకూడదు. దాని రేణువులు లోహంలో దిగబడి కొత్త అడ్డంకి అవుతాయి. పాయింట్లు గుంటలు పడి ఉంటే సన్నటి ఆకురాయితో ఒకటి రెండుసార్లు రుద్ది, ఆ తర్వాత ఎసిటోన్‌లో తడిపిన మందపాటి కాగితపు ముక్కను మూసిన పాయింట్ల మధ్య లాగాలి. మొదటి ముక్క మీద బూడిదరంగు చార పడుతుంది. చార పడడం ఆగేదాకా ముక్కలు మారుస్తూ పోవాలి. చివరి ముక్కను మాత్రం పాయింట్లను తెరిచి తీయాలి, లేదంటే పీచు తెగి మధ్యలో ఉండిపోతుంది. సందు కొలిచే పలుచటి రేకు, అంటే ఫీలర్ గేజ్ మీది నూనె కూడా ఇదే హాని చేస్తుంది కనుక, క్యామ్ ఎత్తైన చోట సందును అర మిల్లీమీటరుకు సరిచేసిన తర్వాత ఇంకొకసారి తుడవాలి. ఈ సందు తప్పితే పాయింట్లు తెరుచుకునే క్షణం కరెంటు శిఖరాన్ని తప్పిపోతుంది.

పాయింట్లు తెరిచినప్పుడు వాటి మధ్య మెరుపులు లేస్తుంటే కండెన్సర్‌ను అనుమానించాలి. కాయిల్ విషయానికి వస్తే, ఆ కాలపు కాయిళ్ల పైపూత ఏళ్లు గడిచేకొద్దీ పగుళ్లు తీస్తుంది. ఆ పగుళ్లలోకి తేమ చేరితే, ప్లగ్‌కు వెళ్లవలసిన వోల్టేజి దగ్గరలోని లోహంలోకి దిగిపోతుంది. మీటరు తెగిన తీగను పట్టుకుంటుంది కానీ ఇలాంటి లీకును పట్టుకోలేదు, ఎందుకంటే అది వేల వోల్టుల దగ్గరే బయటపడుతుంది. వేలిగోటికి తగిలే పగులు కనిపిస్తే ఆ కాయిల్‌ను మార్చడమే మంచిది.

ఈ మోటార్లలో ఒక్కో సిలిండరుకు విడివిడిగా కాయిల్, పాయింట్లు, కండెన్సర్ ఉండడం పెద్ద సౌకర్యం. ఒక వైపు బలంగా, రెండో వైపు నీరసంగా ఉంటే కండెన్సర్లను అటూ ఇటూ మార్చి చూడాలి. లోపం దానితోపాటు వైపు మారితే కారణం దొరికినట్టే. రెండు వైపులా ఒకే తీరున నీరసం ఉంటే రెండు జతల పాయింట్ల మీదా అదే పొర పట్టిందని ముందుగా అనుకోవాలి, ఎందుకంటే రెండూ ఒకే గాలిలో, ఒకే మూత కింద ఇన్నేళ్లు ఉన్నాయి. వాటిని శుభ్రం చేశాక కూడా మార్పు రాకపోతే అప్పుడు రెండింటికీ ఉమ్మడిగా ఉన్నవాటిని చూడాలి: ఫ్లైవీల్‌ను ఇరుసు మీద కదలకుండా పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క (ఫ్లైవీల్ కీ) నలిగిపోవడం, అరిగిన క్యామ్, కాయిల్ రేకుల మీద తుప్పు, రేకులకూ అయస్కాంతానికీ మధ్య పెరిగిన దూరం. అయస్కాంతం శక్తి కోల్పోవడం అరుదు కాబట్టి దాన్ని అన్నిటికంటే ఆఖరున అనుమానించాలి.