"కార్డు ఉంది కదా డాక్టరు గారూ!" - మా ఓపీలో రోజూ వినే అపోహలు

ఖమ్మం పక్కన చిన్న టౌన్లో పదమూడేళ్ళుగా ఓపీ చూస్తున్నా, చదివింది ఫ్యామిలీ మెడిసిన్. అంటే జలుబు నుంచి షుగరు దాకా ఏదున్నా ముందు నా దగ్గరికి రావాలి, కానీ జనం వచ్చేది మాత్రం ఆర్‌ఎంపీ అయ్యాక, మెడికల్ షాపు అయ్యాక, ఆఖర్న. ఎందుకూ అంటే చాలామంది మనసులో ఒకటే ధైర్యం, ఇన్సూరెన్స్‌దో ఆరోగ్యశ్రీదో కార్డుందిలే అని. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: ఇన్సూరెన్స్ ఉంటే డాక్టరు ఖర్చు ఉండదు

మొన్న ఒకాయన ప్లాస్టిక్ కవర్లోంచి పాలసీ కాగితాలు తీసి టేబుల్ మీద పెట్టి "మీ ఫీజు మూడొందలు కూడా ఇందులోంచి వేసుకోండి" అన్నాడు. ఏటా పాతిక వేలు ప్రీమియం కడుతున్నాడంట, పాపం ఆయన అడగటంలో తప్పేముంది, అమ్మినోళ్ళు చెప్పలా. మన దగ్గర మామూలు పాలసీలు కనీసం 24 గంటలు అడ్మిట్ అయితేనే డబ్బులిస్తాయి. కంటి శుక్లం ఆపరేషన్, డయాలసిస్, కీమో లాంటి డే కేర్‌వి, అంటే అదేరోజు ఇంటికి పంపించేవి, మినహాయింపు. ఓపీ ఫీజు, నెలనెలా బిళ్లలు, ఆర్నెల్లకోసారి చేయించే షుగర్ టెస్టు ఇవన్నీ జేబులోంచే, ఓపీ కవర్ విడిగా తీసుకుంటే తప్ప, అదీ ఏడాదికి ఎంత ఇస్తాడో లిమిట్ చూసుకుని తీసుకోండి. ఒకటి మాత్రం చాలామంది వదిలేసుకుంటున్నారు. అడ్మిషన్‌కి ముందు 30 రోజులు, డిశ్చార్జి అయ్యాక 60 రోజులు అదే జబ్బుకి అయిన ఓపీ బిల్లులు, టెస్టులు, మందులు చాలా పాలసీల్లో వస్తాయి. బిల్లులు పారేయకండి.

అపోహ: "ఒక్కరోజు అడ్మిట్ అని రాసేయండి సార్, టెస్టులన్నీ దాంట్లో అయిపోతాయి"

అయిపోవు. కేవలం టెస్టుల కోసం అడ్మిట్ అయితే క్లెయిమ్ ఇవ్వం అని పాలసీలోనే రాసుంటది. పైగా లేని జబ్బు రాస్తే అది మీ రికార్డులో ఉండిపోద్ది. నేను రాయను, నా మీద అలిగి వెళ్ళినోళ్ళు చాలామందే ఉన్నారు.

అపోహ: డాక్టరు దగ్గరికెళ్తే బీపీ అని రాస్తాడు, ఇంక పాలసీ ఇవ్వరు

అన్నిట్లోకీ నాకు కోపం తెప్పించేది ఇదే. పాలసీ కోసం బీపీ చూపించుకోకుండా తిరుగుతారు, చూపించుకున్నోళ్ళు చీటీ మీద రాయొద్దంటారు. సరే దాచారు అనుకుందాం, రేపు గుండెనొప్పితో అర్ధరాత్రి హాస్పిటల్‌కి తీసుకెళ్తే డ్యూటీ డాక్టరు అడిగే మొదటి మాట "బీపీ షుగర్ ఉన్నాయా, ఎన్నాళ్ళ నుంచి?" అని, కంగారులో ఉన్న వాళ్ళావిడ "పదేళ్ళ నుంచండి" అంటది, కేస్ షీట్లో ఆ ముక్క పడిందంటే ఆ పేజీ జిరాక్సే క్లెయిమ్ రిజెక్ట్ చేయటానికి చాలు. అదే ముందే చెప్పి తీసుకుంటే, ప్రీమియం కాస్త పెరగొచ్చు, ఉన్న జబ్బుకి వెయిటింగ్ పీరియడ్ (అన్నాళ్ళూ ఆ జబ్బుకి క్లెయిమ్ రాదు) ఉంటది, అదీ 2024 రూల్స్ ప్రకారం 3 ఏళ్ళు దాటకూడదు, అంతకుముందు 4 ఉండేది. తెంచకుండా 5 ఏళ్ళు కడితే ఆ తర్వాత మోసం రుజువైతే తప్ప "నువ్వు చెప్పలేదు" అని తిప్పికొట్టటానికి లేదు.

అపోహ: ఆరోగ్యశ్రీ ఉంది, ఏదొచ్చినా ఫ్రీనే

2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన పథకం, ఎంతమంది గుండె ఆపరేషన్లు చేయించుకుని బతికారో చూస్తూనే ఉన్నాం, దాన్ని తక్కువ చేయట్లేదు. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి 10 లక్షల దాకా పెంచారు కూడా. కానీ అది లిస్టులో ఉన్న ఆపరేషన్లకీ ట్రీట్‌మెంట్లకీ, షాపులో కొనే బీపీ బిళ్లలకి కాదు. నా దగ్గరికొచ్చే ఒకమ్మ మిర్చి ఏరే సీజన్లో నాలుగు నెలలు కనపడలా, తర్వాత వాళ్ళబ్బాయి మోసుకొచ్చాడు, పక్షవాతం, ఎడమ చెయ్యి లేవట్లా. కొంగు ముడిలో బీపీ బిళ్లల స్ట్రిప్ ఉంది, పదిట్లో ఏడు బిళ్లలు అలాగే ఉన్నాయి. "తలనొప్పి వచ్చినప్పుడు వేసుకుంటన్నా సారూ" అంది. హాస్పిటల్ ఖర్చు కార్డు మీద పోయింది, చెయ్యి మాత్రం ఇంకా సగమే లేస్తది.

ఆ బిళ్లలు పీహెచ్‌సీలో, అంటే ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ఫ్రీగా ఇస్తారు. పీహెచ్‌సీ అంటే పిల్లల టీకాలకి, కాన్పులకే అనుకుంటారు గానీ 30 ఏళ్ళు దాటిన అందరికీ బీపీ షుగర్ చూడటం వాళ్ళ పనే, ఆశా కార్యకర్త ఇంటికొచ్చి అడిగేది అందుకే, ఆమెని గుమ్మంలోంచే పంపించేయకండి. తెలంగాణలో రక్తం శాంపిల్ అక్కడే తీసి జిల్లా డయాగ్నొస్టిక్స్ ల్యాబ్‌కి పంపిస్తారు, దానికీ పైసా అక్కర్లా. హైదరాబాద్‌లో అయితే 2018 నుంచి బస్తీ దవాఖానాలున్నాయి. మందులు అయిపోయిన రోజులు, డాక్టరు లేని రోజులు ఉంటాయి, ఒప్పుకుంటా, అయినా నెలకి ఏడెనిమిదొందలు మిగిలే చోటుకి ఇంకోసారి తిరగటం నష్టమేం కాదు.

ఇంకో రెండు గబగబా. జీతం 21 వేల లోపుండి ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కట్ అవుతున్నోళ్ళకి ఓపీ, మందులు కూడా వస్తాయి, ఇంట్లోవాళ్ళక్కూడా. మా దగ్గర గ్రానైట్ ఫ్యాక్టరీల్లో చేసేవాళ్ళని అడిగితే డిస్పెన్సరీ ఎక్కడుందో కూడా తెలీదంటారు. ఇంట్లో 70 దాటిన పెద్దాళ్ళుంటే ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ కార్డు వస్తది, 5 లక్షలు, 2024 అక్టోబర్‌లో మొదలైంది, అదీ అడ్మిషన్‌కే.

ఇక అమెరికా పిల్లల ఫోన్లు. "నాన్నకి ఆయాసం అంట, మీరొద్దు, డైరెక్ట్‌గా కార్డియాలజిస్ట్‌కి చూపించమంటున్నా" అంటారు. అక్కడ వాళ్ళ ఇన్సూరెన్స్ ప్లాన్ హెచ్‌ఎంఓ అనే రకం అయితే ముందు పీసీపీ, అంటే నాలాంటి ఫ్యామిలీ డాక్టరు, చూసి రిఫర్ చేయందే స్పెషలిస్ట్ బిల్లు ఇన్సూరెన్స్ వాడు కట్టడు, ఆ పీసీపీ అపాయింట్‌మెంట్ కోసమే ఆగుతా ఉంటారు. ఇక్కడ నాన్నగారికి మాత్రం ఎకో, టీఎంటీ లాంటి గుండె టెస్టులన్నీ అయ్యి పదకొండు వేలు వదిలాక నా దగ్గరికి తీసుకొచ్చారు, హిమోగ్లోబిన్ చూస్తే 6 ఉంది, ఒంట్లో రక్తం బాగా తక్కువ.