సీఎస్‌పీ మెంటర్లకు ట్రైనింగ్ ఎందుకు? అపోహలు - వాస్తవాలు

రెండో సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడగానే కర్నూలు జిల్లా డిగ్రీ కాలేజీల నుంచి కొత్త లెక్చరర్లు నాకు ఫోన్ చేస్తారు. "మేడం, కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు (సీఎస్‌పీ)కు నన్ను మెంటర్‌గా వేశారు. ఫారాలు ఎక్కడ దొరుకుతాయి?" ముందు ట్రైనింగ్‌కు రమ్మంటే, "దానికి ట్రైనింగ్ దేనికి మేడం, పిల్లలే నింపుకొస్తారు కదా" అంటారు.

మెంటర్ అంటే లాగ్‌బుక్‌లో సంతకం పెట్టే మనిషి అన్న ఈ అపోహే అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తోంది. డిగ్రీ విద్యార్థులు ఊళ్లో చేసే ఈ 180 గంటల ప్రాజెక్టు సామాజిక, ఆర్థిక సర్వేతోనే మొదలవుతుంది. ముక్కూ మొహం తెలియని పిల్ల గడప ముందు నిలబడి "మీ ఆదాయమెంత?" అని అడిగితే ఏమవుతుంది? రేషన్ కార్డు తీసేస్తారంట, పింఛను ఆపేస్తారంట అనే పుకారు పిల్లలకంటే ముందే వీధి చివరికి చేరుతుంది. సీఎస్‌పీకీ కార్డులకూ ఏ సంబంధమూ లేదు. అది విద్యార్థుల చదువులో భాగం, అంతే. పుకారు పుట్టించేవాళ్ల మీద నాకు కోపమే కానీ, భయపడే ముసలమ్మను ఏమంటాం? నెలనెలా వచ్చే ఆ డబ్బే ఆమెకు దిక్కు. కాబట్టి పిల్లలకంటే ముందు మెంటర్ ఊరికి వెళ్లాలి. సర్పంచ్‌ను, అంగన్‌వాడీ టీచర్‌ను, బడి హెడ్‌మాస్టర్‌ను కలిసి, ఎందుకొస్తున్నామో చెప్పాలి. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా అడగొద్దని పిల్లలకు గట్టిగా చెప్పాలి.

ఒకసారి సంక్రాంతి దాటాక కోసిగి వైపు ఒక ఊళ్లో ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) క్యాంపు జరుగుతుంటే చూడ్డానికి వెళ్లాను. చాలా ఇళ్లకు తాళాలున్నాయి. జనం మిరప కోతలకు గుంటూరు వైపు వలస పోయారు. పిల్లలు ఫారం మీద "ఎవరూ లేరు" అని రాసి పక్కింటికి పోతున్నారు. అరుగు మీదున్న అవ్వ దగ్గర కూర్చుని "వీళ్లంతా ఎప్పుడొస్తారవ్వా?" అని అడిగాను. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు ఎవరు తీసుకున్నారో, ఎవరి బిడ్డ వలస వెళ్లినవాళ్ల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్లో ఉందో, ఎవరు బడి మాన్పించి వెంట తీసుకుపోయారో అన్నీ చెప్పింది. వీటిలో ఒక్కదానికీ ఆ ఫారంలో గడి లేదు. ఎప్పుడు వెళ్లాలి, ఎవరి దగ్గర కూర్చోవాలి, ఫారంలో లేని ప్రశ్న ఎలా అడగాలి అన్నవే ట్రైనింగ్‌లో నేర్పేది. పాఠం చెప్పడం మనకు అలవాటే, వినడం మాత్రం సాధన చేయాలి. క్లాసులోనే ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగించి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

"మాకేమొస్తుంది అని ఊళ్లో నిలదీస్తే?" అన్న టెన్షన్ కొత్తవాళ్లందరికీ ఉంటుంది. అది న్యాయమైన ప్రశ్నే. బోరు వేయిస్తాం, రోడ్డు తెస్తాం అని మాత్రం అనకండి. "మేమేదీ మంజూరు చేయించలేం. మీరు చెప్పింది రాసుకుని, మళ్లీ వచ్చి మీకే చదివి వినిపిస్తాం, ఒక కాపీ పంచాయతీకి ఇస్తాం" అని చెప్పండి. చెప్పినట్టే మళ్లీ వెళ్లండి. రిపోర్టు కాలేజీ బీరువాలోనే ఉండిపోతే వచ్చే ఏడాది పిల్లలకు ఆ ఊళ్లో తలుపు తెరవరు.

ఇక మిగతా అపోహలు. ఇదంతా ప్రమోషన్‌కు పనికిరాదన్నది తప్పు. యూజీసీ 2018 నిబంధనల్లో క్యాస్ (అధ్యాపకుల పదోన్నతి పథకం) మదింపు పట్టికలోనే ఎన్‌ఎస్‌ఎస్, సమాజ సేవ ఉన్నాయి. ఆర్ట్స్ వాళ్ల పని అన్నదీ తప్పే. తాగునీటిలో ఫ్లోరైడ్ చూడాలంటే కెమిస్ట్రీ వాళ్లే రావాలి, పొదుపు సంఘం లెక్కలకు కామర్స్ వాళ్లు కావాలి. ఎన్‌ఎస్‌ఎస్, సీఎస్‌పీ ఒకటే అంటారు, కాదు. ఎన్‌ఎస్‌ఎస్‌లో ఇష్టపడి చేరి రెండేళ్లలో 240 గంటలు పనిచేస్తారు. సీఎస్‌పీ మాత్రం డిగ్రీలో తప్పనిసరి.

ట్రైనింగ్ ఎక్కడ అంటే, 2023లో మొదలైన మాలవీయ మిషన్ అనే అధ్యాపకుల శిక్షణ ఆన్‌లైన్ కార్యక్రమంలో ఉన్నత విద్య, సమాజం అనే అంశం ఉంది. ప్రిన్సిపాల్‌కు అర్జీ ఇప్పుడే, సెమిస్టర్ నడుస్తుండగానే పెట్టుకోండి. పరీక్షలయ్యాక ఊరికి ముందుగా ఒకసారి వెళ్లొచ్చే టైం కూడా మిగలాలి.