22 డిగ్రీల ఊటలు, చలికి తాళలేని మనాటీలు

ఫ్లోరిడా అనగానే చాలామందికి బీచ్‌లు, డిస్నీ పార్కులు, కేప్ కెనావరల్ రాకెట్లు గుర్తొస్తాయి. ఆ రాష్ట్రంలో అసలు వింత మాత్రం నేల కింద ఉంది. అక్కడ వెయ్యికి పైగా నీటి ఊటలున్నాయి. వాటిలో 30కి పైగా ఊటలు మరీ పెద్దవి. ఒక్కొక్కదాని నుంచి సగటున సెకనుకు 2,800 లీటర్లకు పైగా నీళ్లు ఉబికి వస్తాయి. చాలాచోట్ల ఊట పుట్టిన దగ్గరే నది పుడుతుంది. వాగుగా మొదలై మెల్లగా పెరగడం ఉండదు, మొదటి అడుగు నుంచే పడవలు తిరిగేంత నది.

మధ్య ఫ్లోరిడా ఊటల్లో నీళ్లు ఏడాది పొడవునా దాదాపు 22 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటాయి. జూలై ఎండలకు మాడిపోయిన జనం ఉత్తరాన ఉన్న ఇచెటక్నీ నదిలో రబ్బరు ట్యూబుల మీద తేలుతూ పోతుంటారు. ఆ నదీ ఊటనీళ్లదే, కాలు పెడితే ఒళ్లు జిల్లుమంటుంది. జనవరి వచ్చేసరికి ఇలాంటి ఊటల్నే వెతుక్కుంటూ సముద్రం వైపు నుంచి మనాటీలనే పెద్ద నీటి క్షీరదాలు వస్తాయి. మనుషులకు చల్లగా తగిలిన నీళ్లు వాటికి వెచ్చటి ఆశ్రయం. నుయ్యి నీళ్లు వేసవిలో చల్లగా, చలికాలం తెల్లవారుజామున గోరువెచ్చగా అనిపిస్తాయి కదా, కారణం అదే. నేలలోకి కొన్ని మీటర్లు దిగితే ఎండాకాలం, చలికాలం అన్న తేడా పోతుంది. అక్కడి రాయీ నీరూ ఆ ప్రాంతపు ఏడాది సగటు ఉష్ణోగ్రత దగ్గరే ఉండిపోతాయి. భూగర్భంలోని వేడికి పొగలు కక్కే ఉష్ణగుండాలకూ ఈ ఊటలకూ సంబంధం లేదు.

ఫ్లోరిడా కింద ఉన్నది సున్నపురాయి. ఒకప్పుడు లోతులేని వెచ్చటి సముద్రంలో బతికిన జీవుల గుల్లలు పేరుకుని గట్టిపడిన రాయి అది. వాననీరు గాలిలోంచీ మట్టిలోంచీ కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కాస్త ఆమ్లంగా మారుతుంది. ఆ నీరు సున్నపురాయిని లక్షల ఏళ్ల పాటు కరిగిస్తూ సందులు, సొరంగాలు, గుహలు తొలిచింది. ఫ్లోరిడన్ అక్విఫర్ అనే ఈ భూగర్భ జలాశయం ఫ్లోరిడా అంతటా, జార్జియా, అలబామా, సౌత్ కరోలినాల్లో కొంత భాగం కింద పరుచుకుని ఉంది. పైన పడిన వాన లోపలికి ఇంకి, ఒత్తిడి పెరిగి, ఎక్కడ సందు దొరికితే అక్కడ ఊటగా పైకి తన్నుకొస్తుంది. ఈ ప్రయాణానికి చాలాసార్లు దశాబ్దాలు పడుతుంది. ఇవాళ ఊటలో కనిపించే నీటిలో చాలా భాగం ఎప్పుడో మన చిన్నప్పుడు కురిసిన వాన. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత దీనితో పని ఉంది.

మనాటీ బాగా ఎదిగితే మూడు మీటర్ల పొడవు, దాదాపు 450 కిలోల బరువు ఉంటుంది. ఇంతకు రెండింతలు తూగేవీ ఉన్నాయి. నీళ్లలో బతికే ఈ శాకాహారికి భూమ్మీద దగ్గరి చుట్టం ఏనుగు. ముందు తెడ్ల చివర ఉండే గోళ్లు చూస్తే ఆ చుట్టరికం తెలిసిపోతుంది. చాలా క్షీరదాల మెడలో ఏడు ఎముకలుంటే దీనికి ఆరే. పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పాల్సిందే. గడ్డితో పాటు ఇసుక కూడా నమలడం వల్ల పళ్లు తొందరగా అరిగిపోతాయి. అందుకే దవడ వెనక కొత్త పళ్లు పుడుతూ, వరసంతా ముందుకు జరుగుతూ, అరిగినవి ముందు నుంచి రాలిపోతుంటాయి. ఇది బతికినన్నాళ్లూ ఆగదు.

ఊపిరి తీసుకునేటప్పుడు దగ్గర్నుంచి చూడాలి. అడుగున కదలకుండా పడుకున్న మనాటీ, తోక ఆడించకుండానే, మెల్లగా పైకి తేలుతుంది. ముక్కు కొన మాత్రమే నీళ్లపైకి వస్తుంది. మూతలు పడి ఉన్న రెండు ముక్కుపుటాలు గుండ్రంగా తెరుచుకుంటాయి, బుస్సుమని ఒక శ్వాస, మళ్లీ మూతలు పడిపోతాయి. ఆ ఒక్క శ్వాసలో ఊపిరితిత్తుల్లోని గాలిలో దాదాపు 90 శాతం మారిపోతుంది. మనం మామూలుగా పీల్చే శ్వాసలో మారేది పదో వంతు, మహా అయితే ఇంకొంచెం. ఊపిరితిత్తులు వీపు పొడవునా పరుచుకుని ఉండడం, ఎముకలు గట్టిగా బరువుగా ఉండడం వల్ల ఒళ్లు అడ్డంగా నిలకడగా తేలుతుంది. ఈతకు పెద్దగా శక్తి ఖర్చు కాదు. కదులుతున్నప్పుడు కొద్ది నిమిషాలకోసారి ఊపిరికి వస్తుంది, పడుకున్నప్పుడు 20 నిమిషాల దాకా ఆగగలదు. వీపు మీద పెరిగిన నాచును చిన్న చేపలు గుంపుగా చేరి కొరుక్కు తింటుంటాయి. ఆ పెద్ద జంతువు అలాగే పడి ఉంటుంది.

అంత లావు ఒళ్లు చూసి తిమింగలానికి ఉన్నట్టు దళసరి కొవ్వు పొర ఉంటుందనుకుంటాం. లేదు. పైగా మనాటీ జీవక్రియ చాలా నెమ్మది. అదే బరువున్న ఇతర క్షీరదాలతో పోలిస్తే దాని ఒంట్లో పుట్టే వేడి బాగా తక్కువ. తినేదేమో గడ్డి. అది పేగుల్లో సూక్ష్మజీవుల సాయంతో అరగడానికి దాదాపు వారం పడుతుంది. నీరు గాలికంటే ఇరవై రెట్లకు పైగా వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. ఈ లెక్కలన్నీ కలిస్తే 20 డిగ్రీల దగ్గర గీత పడుతుంది. నీళ్లు అంతకంటే చల్లబడి అలాగే ఉంటే మనాటీకి జబ్బు చేస్తుంది. చర్మం మీద పుళ్లు లేస్తాయి, తిండి మానేస్తుంది, పేగులు పని చేయవు, చివరికి చచ్చిపోతుంది. జనవరిలో ఫ్లోరిడా పడమటి వైపు, గల్ఫ్ ఆఫ్ మెక్సికో తీరాన లోతులేని నీళ్లు 15 డిగ్రీలకు, ఒక్కోసారి ఇంకా కిందకు దిగుతాయి. 2010 జనవరిలో చలి రోజుల తరబడి వదల్లేదు. ఆ ఏడాది ఫ్లోరిడాలో 700కు పైగా మనాటీలు చనిపోయాయి, అంతకుముందు ఏ ఏడాదిలోనూ అన్ని పోలేదు.

అందుకే చలికాలం ఊటలో పడుకున్న మనాటీని చూసి హాయిగా సేదతీరుతోందనుకోవడం పొరపాటు. అది రోజూ రెండు కష్టాల మధ్య ఉంటుంది. ఊట దగ్గర వెచ్చదనం ఉంటుంది గానీ అన్నింటికీ సరిపడా మేత ఉండదు. మేత ఉన్నచోట చలి. ఎండ పొడ తగిలి బయట నీళ్లు కాస్త వేడెక్కితే మేతకు వెళ్లి, చలి ముదిరేలోగా తిరిగి రావాలి. మధ్యలో ఎవరైనా బెదరగొట్టి ఊటలోంచి తరిమితే, పోయేది అది దాచుకున్న శక్తి.

గల్ఫ్ తీరంలో క్రిస్టల్ రివర్ అనే చిన్న ఊరుంది. అక్కడి కింగ్స్ బేలో 70కి పైగా ఊటలున్నాయి. చలికాలంలో వందల మనాటీలు అక్కడికి చేరతాయి. మనాటీల కోసమే 1983లో జాతీయ వన్యప్రాణి ఆశ్రయం ఏర్పాటు చేశారు. స్నోర్కెల్ అనే ఊపిరి గొట్టం పెట్టుకుని మనాటీలున్న నీళ్లలోకి దిగడానికి ఏటా జనం వెల్లువలా వస్తారు. ఊరి వ్యాపారం చాలావరకు దీని మీదే నడుస్తుంది. నవంబరు 15 నుంచి మార్చి 31 వరకు కొన్ని ఊటల చుట్టూ తాళ్లు కట్టి మనుషులు రాకుండా వదిలేస్తారు. త్రీ సిస్టర్స్ అనే ఊటల గుంపును బాగా చలి పడిన రోజుల్లో ఈతగాళ్లకు పూర్తిగా మూసేస్తారు. మనాటీని వెంటాడడం, పట్టుకోవడం, మీదెక్కడం, చుట్టుముట్టడం, తల్లినీ పిల్లనూ విడదీయడం, మేత పెట్టడం, అన్నీ నేరాలే. ఫెడరల్ చట్టం కింద 50,000 డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు పడొచ్చు.

ఈ నియమాలు కొందరికి అతిగా అనిపిస్తాయి. నాకైతే మనాటీ ఒంటి లెక్క తెలిశాక ఇంకా గట్టిగా ఉండాలనిపిస్తుంది. నీళ్లలో చేతులూ కాళ్లూ ఆడించకుండా, ఒంటి మీది రబ్బరు ఈతదుస్తులు (వెట్‌సూట్) తేలగొడితే తేలుతూ, చూస్తూ ఉండిపోవడమే అక్కడి పద్ధతి. ఇలా ఉన్నవాళ్లకే ఎక్కువ కనిపిస్తుంది కూడా. మనాటీ ముఖం నిండా, ఒంటి నిండా స్పర్శను పసిగట్టే వెంట్రుకలుంటాయి. ఆ వెంట్రుకలతో అది చుట్టూ నీటి కదలికను పట్టేస్తుంది. మీరు చూసేలోపే మీరున్నారని దానికి తెలిసిపోతుంది.

1960ల చివర్లో వుడీ హార్ట్‌మన్ అనే పరిశోధకుడు ఈ క్రిస్టల్ రివర్‌లోనే నీళ్లలో దిగి మనాటీలను నెలల తరబడి గమనించాడు. ఒక్కోదాన్నీ గుర్తుపట్టడానికి అతనికి సాయపడినవి వాటి వీపుల మీది గాట్లు, పడవ ప్రొపెల్లర్లు కోసిన మచ్చలు. ఇప్పటికీ ఫ్లోరిడాలో మనాటీల గుర్తింపు జాబితా ఈ మచ్చల ఫోటోలతోనే నడుస్తోంది. ఏ జంతువుకు ఏ గాయం అన్నది రాసుకుంటే చాలు, ఎవరు ఎవరో తెలిసిపోతుంది. ఇంత బాధ కలిగించే జాబితా ఇంకోటి నాకు తెలియదు.

పడవల వేగానికి హద్దులు, ఊటల రక్షణ ఫలితం ఇచ్చాయి. సెయింట్ జాన్స్ నది పక్కన బ్లూ స్ప్రింగ్ అనే ఊట ఉంది. 1970ల మొదట్లో అక్కడ చలికాలానికి చేరేవి పదుల్లోనే. రాష్ట్ర ప్రభుత్వం 1972లో ఆ స్థలాన్ని కొని పార్కుగా మార్చింది. 2024 జనవరిలో ఒక్కరోజే అక్కడ 900కు పైగా మనాటీలను లెక్కపెట్టారు. మొత్తం మీద సంఖ్య పెరగడంతో 2017లో ఈ జాతిని ‘అంతరించే ప్రమాదంలో ఉన్నవి’ అనే జాబితా నుంచి ఒక మెట్టు దించారు.

నాలుగేళ్లకే, 2021లో, దాదాపు 1,100 మనాటీలు చనిపోయాయి. ఈసారి ప్రధాన కారణం పడవలు కాదు, ఆకలి. అట్లాంటిక్ వైపున్న ఇండియన్ రివర్ లగూన్ అనే తీరపు ఉప్పునీటి సరస్సులోకి ఏళ్ల తరబడి ఎరువులు, మురుగు చేరాయి. నాచు విరగబెరిగి నీళ్లలోకి ఎండ దిగకుండా చేసింది, అడుగున సముద్రపు గడ్డి చచ్చిపోయింది. అక్కడి మనాటీలు చలికాలం ఓ విద్యుత్ కేంద్రం వదిలే వేడినీళ్ల దగ్గర తలదాచుకుంటాయి. వెచ్చదనం ఉంది, చుట్టుపక్కల మేత లేదు. చివరికి అధికారులే లెట్యూస్ ఆకులు తెచ్చి నీళ్లలో వేశారు. అడవి జంతువుకు చేత్తో మేత పెట్టాల్సి రావడం ఎంత దూరం వెళ్లిపోయామో చెబుతుంది.

ఊటలకూ ఇదే బెడద, కాస్త నెమ్మదిగా. సహజంగా ఈ నీళ్లలో నాచును పెంచే నైట్రేట్ లీటరుకు 0.1 మిల్లీగ్రాము కూడా ఉండదు. అద్దం అడుగున్న పడవల్లో జనం పందొమ్మిదో శతాబ్దం నుంచీ చూస్తూ వస్తున్న సిల్వర్ స్ప్రింగ్స్‌లో అది ఒక మిల్లీగ్రాము దాటింది. పచ్చిక బయళ్లకు చల్లిన ఎరువు, పొలాలు, ఇళ్ల సెప్టిక్ ట్యాంకులు, అన్నిటి నుంచీ సున్నపురాయి సందుల్లోంచి దిగింది. పైన చెప్పిన దశాబ్దాల ప్రయాణం ఇక్కడే పనికొస్తుంది. ఇవాళ ఎరువు చల్లడం ఆపేసినా, ఎప్పుడో చల్లింది ఇంకా దారిలోనే ఉంటుంది.

కింగ్స్ బేలో మాత్రం ఓపిగ్గా పని జరుగుతోంది. అడుగున పేరుకున్న నాచు బురదను గొట్టాలతో పీల్చి తీసేసి, ఈల్‌గ్రాస్ అనే గడ్డి నాటుతున్నారు. వేళ్లూనుకునే దాకా మనాటీలు మేసెయ్యకుండా మొక్కల మీద పంజరాలు బోర్లిస్తారు. గడ్డి పట్టినచోట నీళ్లు తేటపడ్డాయి, వెచ్చటి ఊటకు దగ్గర్లోనే మేత దొరుకుతోంది.

ముందున్న పెద్ద చిక్కు వేరే ఉంది. ఫ్లోరిడా మనాటీల్లో సగానికి పైగా చలికాలంలో విద్యుత్ కేంద్రాల వేడినీళ్ల మీదే ఆధారపడి ఉన్నాయి. వెచ్చటి చోటు ఎక్కడుందో పిల్ల తల్లి వెంట తిరిగి నేర్చుకుంటుంది. పాత కేంద్రాలు ఒక్కొక్కటీ మూతపడితే, వాటినే నమ్ముకుని పెరిగిన మనాటీలకు వేరే ఊట దారి తెలియదు. తెలిసినా కొన్ని దారులు మూసుకుపోయి ఉన్నాయి. ఆక్లవాహా నది మీద 1968లో కట్టిన రాడ్‌మన్ ఆనకట్ట దాదాపు 20 ఊటలను ముంచేసింది, సిల్వర్ స్ప్రింగ్స్ దాకా వెళ్లే మనాటీలకు అడ్డంగా నిలబడింది. అది ఏ ఓడల కాలువ కోసం కట్టారో ఆ కాలువ పనులే 1971లో ఆగిపోయాయి. చేపలు పట్టేవాళ్లకు ఆ జలాశయం ఇష్టం, అందుకే తీసెయ్యాలా ఉంచాలా అన్న వాదన దశాబ్దాలుగా తెగట్లేదు. వాళ్ల ఇష్టాన్ని తీసిపారేయను. కానీ నన్నడిగితే ఆనకట్టను తొలగించడమే సరైన పని. విద్యుత్ కేంద్రాలు మూతపడ్డాక కాదు, వాటికంటే ముందే తొలగించాలి, ఎందుకంటే కొత్త దారి నేర్చుకోవడానికి మనాటీలకు కొన్ని చలికాలాలు కావాలి.