ఒకే డేటాబేస్ నుంచి ఈవెంట్ల దాకా

ఆన్‌లైన్ దుకాణం సాఫ్ట్‌వేర్‌ను విడగొట్టడమంటే కోడ్‌ను విడగొట్టడమే అనుకుంటారు. అసలు పీటముడి డేటాబేస్‌లో ఉంటుంది.

అమెజాన్ తొలినాళ్ల వెబ్‌సైట్ అప్లికేషన్ పేరు ఒబిడోస్. దాని వెనకున్న డేటాబేస్‌లను రకరకాల ప్రోగ్రాములు నేరుగా వాడుకునేవి. టేబుల్ మారిస్తే అవన్నీ మార్చాల్సిందే. 1998లో అక్కడి ఇంజినీర్లు రాసుకున్న పత్రాన్ని అమెజాన్ సీటీఓ వర్నర్ వోగెల్స్ 2022లో బయటపెట్టారు. అందులో డేటాను సర్వీసుల (ఒక్కో పని చూసుకునే విడి ప్రోగ్రాముల) వెనక ఉంచాలని, ఆర్డర్‌ను దశలవారీగా సాగే వర్క్‌ఫ్లోగా చూడాలని ఉంది. ఏదైనా జరిగిందన్న కబురును (ఈవెంట్‌ను) విని మిగతా సర్వీసులు తమ పని చేసుకునే ఈవెంట్ పద్ధతికి బీజం ఆ రెండో ఆలోచనలోనే కనిపిస్తుంది.

సర్వీసులు వచ్చాక కొత్త చిక్కొచ్చింది. 2006 నాటికి అమెజాన్‌లో ఒక్క పేజీ కోసం 100కు పైగా సర్వీసులను పిలిచేవారు. లెక్క చూడండి: ఆర్డర్ దారిలో పది సర్వీసులుండి, ఒక్కోటి 99.9 శాతం సమయం పనిచేసినా, మొత్తం దారి పనిచేసేది దాదాపు 99 శాతమే. అంటే నెలకు ఏడు గంటలు అమ్మకాలు బంద్! అందుకే ఈమెయిల్, ఇన్వాయిస్, సెర్చ్ ఇండెక్స్ లాంటి ఆగగలిగిన పనులను ఆ దారి నుంచి తప్పించి, ‘ఆర్డర్ నమోదైంది’ అన్న ఈవెంట్ విని ఆ సర్వీసులు వాటంతటవే చేసుకునేలా మారుస్తారు. ఈవెంట్లను దాచి, అడిగిన సర్వీసులకు అందించే సాఫ్ట్‌వేర్ కాఫ్కాను లింక్డ్‌ఇన్ 2011లో ఓపెన్ సోర్స్ చేయడంతో ఈ పద్ధతి చిన్న కంపెనీలకూ అందింది.

తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఆర్డర్‌ను డేటాబేస్‌లో రాసి, ఆ తర్వాత కాఫ్కాకు పంపేలోపు సర్వర్ పడిపోతే ఆర్డర్ ఉంటుంది, ఈవెంట్ ఉండదు. డబ్బు కట్టిన కస్టమర్‌కు సరుకు కదలదు. అందుకే ఆర్డర్‌నూ, అదే డేటాబేస్‌లో పంపాల్సిన ఈవెంట్లుండే అవుట్‌బాక్స్ టేబుల్‌లో ఈవెంట్‌నూ ఒకే ట్రాన్సాక్షన్‌లో (రెండూ నమోదవుతాయి, లేదా రెండూ కావు) రాయాలి. అక్కడి నుంచి కాఫ్కాకు చేర్చే పని మరో ప్రాసెస్‌ది. అది ఒకే ఈవెంట్‌ను రెండుసార్లు పంపవచ్చు కాబట్టి, అందుకునే సర్వీసు ఈవెంట్ ఐడీని యూనిక్ కీగా (రెండోసారి నమోదు కానివ్వని గుర్తుగా) దాచుకోవాలి. లేకపోతే స్టాక్ రెండుసార్లు తగ్గుతుంది. కాఫ్కా ఈవెంట్లను పార్టిషన్లనే వరుసల్లో పెడుతుంది, క్రమం ఒక వరుసలోపలే ఉంటుంది. ఏ వరుసో తేల్చే పార్టిషన్ కీగా ఆర్డర్ ఐడీ ఇవ్వకపోతే ‘రద్దు’ ముందు, ‘నమోదు’ తర్వాత రావచ్చు.

పేమెంట్ విఫలమైతే, ఒకే డేటాబేస్‌లోలా జరిగినదంతా ఒక్కసారిగా వెనక్కి తీసుకునే రోల్‌బ్యాక్ ఉండదు. పట్టి ఉంచిన స్టాక్‌ను వదిలే ఎదురు చర్యను విడిగా రాసుకోవాలి. కంప్యూటర్ శాస్త్రవేత్తలు హెక్టర్ గార్సియా-మోలినా, కెనెత్ సేలం 1987లోనే ‘సాగా’ పేరుతో ఈ ఉపాయం చెప్పారు.

మార్పు ఈమెయిల్ సర్వీసుతో మొదలుపెట్టడం మేలు. పేమెంట్‌ను ముందే ముట్టుకోవద్దు. ఇక చివరిదాకా పాత డేటాబేస్‌ను పట్టుకు వేలాడేవి రిపోర్టులు. ఆర్డర్లు, కస్టమర్లు, స్టాక్ టేబుళ్లను ఒకే ఎస్‌క్యూఎల్‌లో జాయిన్ చేసే (కలిపి చదివే) ఆ రిపోర్టు క్వెరీలకు ఈవెంట్లతో నిండే వేరే డేటాబేస్ ఇచ్చేదాకా పాతదాన్ని ఆపలేరు.