తెలివి ఉంటే సరిపోతుందా?

చిరంజీవులు బుజ్జికి, చిన్నుకి,

తాతయ్య ఆశీస్సులు. మొన్న ఫోన్లో బుజ్జి ఒక ప్రశ్న అడిగింది. "క్లాసులో ఫస్టు వచ్చేవాళ్ళే ఎక్కువ టెన్షన్ పడతారెందుకు తాతయ్యా? తెలివుంటే సంతోషంగా ఉండాలి కదా?" అని. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కాబట్టి ఈ ఉత్తరం.

ముందు ఒక మాట. తెలివిని చులకన చేసేవాళ్ళ మాటలు వినకండి. "చదువుదేముంది, మనసు మంచిదైతే చాలు" అనడం తేలికే. మా చిన్నతనంలో మశూచి వచ్చి బతికి బయటపడ్డవాళ్ళ ముఖాలనిండా మచ్చలుండేవి. కొందరికి చూపే పోయింది. అమ్మవారికి ఎన్ని మొక్కులు మొక్కినా తగ్గని ఆ రోగం, ఊరూరా తిరిగి రోగుల్ని వెతికిపట్టుకుని, చుట్టుపక్కల అందరికీ టీకాలు వేస్తే తగ్గింది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇక మశూచి ఎక్కడా లేదని ప్రకటించింది. ఎంతమంది తల్లులకు కడుపుకోత తప్పిందో! అది బుద్ధి చేసిన మేలు.

కానీ ఒట్టి బుద్ధితోనే రోజు గడవదు. ఆంటోనియో డమాసియో అనే మెదడు వైద్యుడు అమెరికాలో ఒక రకం రోగుల్ని చాలామందిని చూశాడు. నుదుటి వెనక మెదడులో కొంత భాగం దెబ్బతిని ఉంటుంది. తెలివితేటల పరీక్ష పెడితే శుభ్రంగా పాసవుతారు, లెక్క తప్పరు. మనసులో మాత్రం పెద్దగా ఏదీ కదలదు. అలాంటి ఒకాయనకి డాక్టరు, మళ్ళీ రావడానికి రెండు తేదీలు చెప్పి ఏదో ఒకటి ఎంచుకోమన్నాడు. ఆయన డైరీ తీశాడు. ఆ రోజు ఈ పని ఉంది, ఈ రోజుకి దగ్గర్లో ఇంకో పని ఉంది, వాన పడొచ్చు... ఇలా దాదాపు అరగంట లెక్కలు వేస్తూనే ఉన్నాడు. చివరికి డాక్టరే "రెండో తేదీన రండి" అంటే, "సరే" అని డైరీ మూసి వెళ్ళిపోయాడట!

విసుగు, ఇష్టం, ఎదుటివాడు మనకోసం కూర్చున్నాడే అన్న మొహమాటం, ఇవే మనకి "ఇక చాల్లే, తేల్చెయ్" అని చెప్పేవి. ఆయనకి ఆ చెప్పేది లేకపోయింది. బుజ్జీ, ఎంపీసీనా బైపీసీనా అని జీతాల పట్టిక ముందేసుకుని వారం కూర్చున్నా తేలకపోవడానికి కారణం అదే. ఏ పుస్తకం తెరిస్తే నీకు టైము తెలియదో ఆ పట్టికలో ఉండదు.

అలాగని మనసు ఎటు లాగితే అటు పోవడమూ కుదరదు. చిన్నూ, నీ సంగతి రాస్తున్నానని అలగకు. ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారని రాత్రి పదకొండింటికి ఆ పిల్లాడికి ఏదేదో పంపావు. తెల్లారాక డిలీట్ చేశావు కానీ, వాడు అప్పటికే చదివేశాడు. కోపం రావడం తప్పు కాదు. కోపం వచ్చిందని నీకు తెలిసేలోపే వేలు సెండ్ నొక్కేసింది, అదీ చిక్కు.

"అదిగో, నాకు కోపం వస్తోంది" అని లోపల చూసుకునే ఎరుక ఒకటుంది. దాన్నే నేను ఆధ్యాత్మికం అంటాను. మీ నాయనమ్మ ఒప్పుకోదు. ఆవిడ లెక్కలో దీపం, స్తోత్రం ఉండాల్సిందే. ఉండనీ. కానీ దీపం వెలిగిస్తూనే పనమ్మాయిని కసిరితే ఆ దీపం ఏ లోపలికి వెలుగిచ్చినట్టు? (ఈ వాక్యం ఆవిడకి చదివి వినిపించకండి.)

రెండు వందల ఏళ్ళ కిందట కావేరి ఒడ్డున తిరువయ్యారులో కూర్చుని త్యాగయ్య మన తెలుగులో పాడిందీ ఇదే. "శాంతము లేక సౌఖ్యము లేదు" అని సామ రాగంలో కీర్తన. అందులో ఆయన వేసిన పద్దు చూడండి. భార్యాబిడ్డలు, ధనధాన్యాలు ఉన్నా సరే. జపతపాలు చేసినా, శాస్త్రాలన్నీ చదివినా, అందరి మనసుల్లో ఏముందో బాగా తెలిసినా, చివరికి గొప్ప భక్తుడని పేరొచ్చినా సరే, శాంతం లేకపోతే సుఖం లేదన్నాడు. తెలివినీ, ఎదుటివారి మనసు పట్టే నేర్పునీ, భక్తినీ కూడా వదల్లేదు. ఆ చివరిదాన్ని పద్దులో వేయడానికి ధైర్యం కావాలి, పాడుతున్నవాడే భక్తుడు మరి!

శాంతమంటే బండరాయిలా ఉండటమని అనుకునేరు. ఇదే త్యాగయ్య మరో పూట రాముడి మీద అలిగాడు, నిలదీశాడు, దెప్పిపొడిచాడు, ఏడ్చాడు. అన్నీ పైకే పాడేశాడు.

ఇక బుజ్జి ప్రశ్నకొస్తే, ఊహ చురుగ్గా ఉన్నవాళ్ళకి భయపడటానికి కారణాలు కూడా ఎక్కువే దొరుకుతాయి. ఈసారి ఫస్టు వస్తే వచ్చేసారి రాకపోతేనో అని, నాన్న ముఖం ఎలా పెడతాడో అని, పరీక్ష ఇంకా రాకముందే పదిసార్లు తప్పేస్తారు. ఆ భయాన్ని భయమని గుర్తుపట్టడం ఏ కోచింగులోనూ చెప్పరు. పైగా "నువ్వు తెలివైనదానివి, నీకేం భయం" అని మనమే వాళ్ళ నోరు నొక్కుతాం.

ఒక జాగ్రత్త. టెన్షన్‌తో నిద్ర పట్టకపోయినా, అన్నం సయించకపోయినా, అలా రోజుల తరబడి ఉంటే, ధ్యానం చేస్తే అదే పోతుందని ఊరుకోవద్దు. అమ్మకో నాకో చెప్పండి, డాక్టరు దగ్గరికి వెళదాం. జ్వరమొస్తే వెళ్ళమూ? అలాగే.

సెలవులు ఎప్పటినుంచో నాన్నని కనుక్కుని రాయండి. చిన్నూ, ఆ పిల్లాడితో మాట్లాడావా?

మీ
తాతయ్య