గోధుమ సరిపడని పిల్లలకు, వారి స్నేహితులకు

చిరంజీవులైన పిల్లలకు,

తిరుపతి నుంచి మీ అమ్మమ్మ వయసున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం. మా మనవరాలికి సీలియాక్ వ్యాధి ఉన్నదని తేలిన నాటి నుంచి, అదే జబ్బుతో నెట్టుకొస్తున్న ఇతర కుటుంబాలను మన చుట్టుపక్కల ఎలా వెతుక్కోవాలన్నది నేను శ్రద్ధగా తెలుసుకుంటూ వచ్చాను. మీలో ఎవరికైనా, మీ తోబుట్టువులకైనా, తరగతిలో మీ పక్కన కూర్చునే వారికైనా ఈ జబ్బు ఉంటే పనికొస్తుందని ఆ సంగతులు మీకు చెబుతున్నాను.

గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాలలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. సీలియాక్ ఉన్నవారు దానిని తిన్నప్పుడు వారి శరీరంలోని రోగనిరోధక వ్యవస్థ పొరపడి, తన సొంత చిన్న పేగు మీదనే దాడి చేస్తుంది. పేగు లోపలి గోడ టర్కీ తువ్వాలు మీది పోగుల్లాంటి సన్నని మొలకలతో నిండి ఉంటుంది. తిన్న అన్నంలోని సారాన్ని రక్తంలోకి పీల్చేది అవే. అవి అరిగి చదునైపోతే ఎంత తిన్నా ఒంటికి పట్టదు. కొందరికి పొట్ట ఉబ్బి విరేచనాలవుతాయి, కొందరు వయసుకు తగ్గ ఎత్తు పెరగరు, మరికొందరికి ఐరన్ మాత్రలు ఎన్ని వాడినా తగ్గని రక్తహీనత తప్ప వేరే లక్షణమే ఉండదు. ఇది అంటువ్యాధి కాదు కాబట్టి పక్కన కూర్చుని తినడానికి ఎవరూ జంకనక్కర్లేదు. దీనిని నయం చేసే మందు లేదు. జీవితాంతం గ్లూటెన్ లేని తిండి తినడమే చికిత్స. అలా తింటే పేగు చాలావరకు కోలుకుంటుంది, పిల్లలు అందరిలాగే ఎదుగుతారు.

తోడు వెతుక్కోవలసిన అవసరం మన ప్రాంతంలో ఎందుకు ఎక్కువో చెబుతాను. 2016లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం హర్యానాలోను, అస్సాంలోను, మనకు పక్కనే ఉన్న వేలూరు ప్రాంతంలోను పెద్దవారికి పరీక్షలు చేశారు. ఈ జబ్బును సూచించే ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) ఉత్తరాదిలో నూటికి 1.23 మంది రక్తంలో, ఈశాన్యంలో 0.87 మంది రక్తంలో, దక్షిణాదిలో 0.10 మంది రక్తంలో ఉన్నట్లు తేలింది. ఈ జబ్బుకు వీలు కల్పించే జన్యువులు మాత్రం మూడు చోట్లా ఇంచుమించు మూడో వంతు మందిలో కనిపించాయి. తేడా ప్రధానంగా తిండిలో ఉన్నది: హర్యానాలో మనిషి రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటుంటే, వేలూరు వైపు 25 గ్రాములే తింటున్నాడు. అంటే అన్నం, సంగటి తినే మన చిత్తూరు సీమలో ఈ జబ్బు చాలా అరుదనుకోవచ్చు. అది ఉన్న ఒకరికి తనలాంటి ఇంకొకరు తారసపడడం కష్టం. బంధువులలో ఎవరూ ఈ పేరు విని ఉండరు. పెళ్లి భోజనంలో పూరీ వద్దన్న పిల్లను చూసి, ‘కొంచెం తింటే ఏమవుతుంది’ అని పెద్దవారే బలవంతం చేస్తారు.

గోధుమ మానమని వైద్యులు చెబుతారు, మనం సరేనని ఇంటికి వస్తాము. చపాతీ, పూరీ, పరోటా, బ్రెడ్డు, బిస్కెట్లు, సేమ్యా మానడం తెలుస్తూనే ఉంటుంది. బొంబాయి రవ్వ గోధుమే కనుక ఉప్మా, రవ్వ దోసె, రవ్వ కేసరి కూడా పోతాయి. ఇడ్లీ రవ్వ బియ్యానిది కనుక ఇడ్లీ నిలుస్తుంది. ఓళిగలలోను, కజ్జికాయలలోను మైదా ఉంటుంది. బియ్యపు పిండితో చేయవలసిన నిప్పట్లలో కూడా కొందరు మైదా కలుపుతారు. ఇంగువ సంగతి మాత్రం ఎవరైనా చెబితే తప్ప తట్టదు. వంటింట్లోని ఇంగువ డబ్బాను వెనక్కి తిప్పి సన్న అక్షరాలను చదవండి. అందులో అసలు ఇంగువతో పాటు బంక, పిండి కలిపి ఉంటాయి, ఆ పిండి చాలా రకాలలో గోధుమదే. పులిహోరలో, సాంబారులో, చారులో రోజూ చిటికెడు పడుతున్నదంటే ఆ బిడ్డ రోజూ గోధుమ తింటున్నట్లే లెక్క. బియ్యపు పిండి కలిపిన ఇంగువ కూడా దొరుకుతుంది, అది ఏ అంగట్లో ఉంటుందో చెప్పగలిగేది అదే అవసరం ఉన్న ఇంకొక తల్లి.

పిండి మర విషయం ఇంతకంటే పెద్దది. మన ఊళ్లలో రాగులు, బియ్యం మరకు పట్టుకెళ్లి ఆడించుకుంటాము. మనకు ముందు వచ్చినవారు గోధుమలు ఆడించి ఉంటే రాళ్ల మధ్య మిగిలిన గోధుమ పిండి మన రాగి పిండిలో కలుస్తుంది. సంగటి మంచిదే, అందులోకి ఊరిబిండీ మంచిదే, జబ్బు మాత్రం తగ్గదు. ఎందుకు తగ్గడం లేదో ఇంట్లో ఎవరికీ అంతుపట్టదు. నాలుగు కుటుంబాలు కలిస్తే ఇంట్లో పెట్టుకునే చిన్న పిండి మరను తలా కొంత వేసుకుని కొని, అందులో గోధుమ అన్నదే వేయకుండా వంతులవారీగా ఆడించుకోవచ్చు. ఊరిలో ఒక సహాయ బృందం ఎందుకు ఉండాలని ఎవరైనా నన్ను అడిగితే నేను ముందుగా చెప్పేది ఈ మర సంగతే.

ఇక ఎక్కడ వెతకాలో చెబుతాను. మొదటి చోటు ఆసుపత్రి. తిరుపతిలో స్విమ్స్, రుయా ఉన్నాయి. చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీకి వెళ్లి వచ్చేవారు ఎందరో ఉన్నారు. జీర్ణకోశ వైద్యులను, పిల్లల వైద్యులను, అక్కడి ఆహార నిపుణులను కలిసినప్పుడు మిగతా రోగుల పేర్లు అడగకూడదు, అడిగినా వారు చెప్పరు, చెప్పకపోవడమే ధర్మం. దానికి బదులు మీ అమ్మానాన్నల ఫోన్ నంబరును కాగితం మీద రాసి ఇచ్చి, ఇష్టమున్న కుటుంబాలకు దానిని అందజేయమని కోరవచ్చు. టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లలలో సీలియాక్ మామూలు కంటే ఎక్కువగా కనిపిస్తుంది కనుక వారు వచ్చే ఓపీలో కూడా ఒక కాగితం ఇవ్వడం మంచిది.

రెండో చోటు మీకు తట్టకపోవచ్చు. ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఐసర్ (విజ్ఞాన శాస్త్రాల విద్యాసంస్థ) ఉన్నాయి, తిరుపతిలోనే జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం ఉన్నది. అక్కడికి ఈ జబ్బు ఎక్కువగా ఉన్న ఉత్తరాది రాష్ట్రాల నుంచి విద్యార్థులు వస్తారు. చిన్నప్పటి నుంచి ఈ పథ్యంతో పెరిగిన అన్నో అక్కో మీకు అక్కడ దొరికితే, హాస్టల్లో ఎలా తినాలో, స్నేహితులకు ఎలా చెప్పాలో మాలాంటి పెద్దవారికంటే వారే బాగా చెబుతారు. భాష గురించి బెంగ వద్దు. వచ్చిన హిందీతోనే మొదలుపెట్టండి. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో హోమ్ సైన్స్ చదివే అమ్మాయిలను పిలిస్తే పోషకాల లెక్కలు చూసి పెట్టగలరు. ఢిల్లీలో సీలియాక్ సొసైటీ ఆఫ్ ఇండియా అనే సంస్థ ఉన్నది. మన ప్రాంతం వారు ఎవరైనా తెలుసా అని దానికి కూడా రాయవచ్చు.

ఇద్దరు దొరికితే చాలు, కలవండి. పది మంది అయ్యేదాకా ఆగవద్దు. మొదటిసారి ఎవరి ఇంట్లోనైనా కలిసి, ప్రతి కుటుంబమూ తమ ఇంట్లో భయం లేకుండా తినే వంటకం ఒకటి, దానికి వాడిన పొట్లాల అట్టలతో సహా తెచ్చుకుంటే మాటలు వాటంతటవే సాగుతాయి. ‘గ్లూటెన్ ఫ్రీ’ అని రాసిన సరుకులో, మన దేశపు ఆహార ప్రమాణాల సంస్థ నియమం ప్రకారం, కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. ఏ టిఫిన్ అంగడిలో దోసెల పెనం మీదనే పరోటాలు కూడా కాలుస్తారో, ఎక్కడ వేరు పెనం ఉందో, ఎవరు అడిగితే విసుక్కోకుండా చెబుతారో ఒక నోటు పుస్తకంలో రాసుకోండి.

బృందం చేయకూడని పనులు కూడా ఉన్నాయి. ఎవరికీ అక్కడ జబ్బు నిర్ధారించకూడదు. అనుమానం ఉన్నవారు రక్తపరీక్ష, అవసరమైతే ఎండోస్కోపీ (సన్నని గొట్టంతో పేగు లోపల చూసే పరీక్ష) పూర్తయ్యేదాకా గోధుమ మానకూడదు. ముందే మానితే పరీక్షలో జబ్బు దాక్కుంటుంది. జబ్బు ఉన్నవారి తల్లిదండ్రులు, తోబుట్టువులు లక్షణాలు లేకపోయినా వైద్యులను అడిగి ఒకసారి రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది, వారిలో కూడా ఇది ఎక్కువగా కనబడుతుంది కనుక. ఫలానా పొడి తింటే మళ్లీ చపాతీలు తినవచ్చని అమ్మజూపేవారు వస్తే మర్యాదగా పంపించివేయండి.

ఆసుపత్రిలో ఇవ్వడానికి ఒక నమూనా రాసి పెడుతున్నాను. దీనిని మీ చేతిరాతతో రాసి, కింద మీ ఇంటి పెద్దవారి నంబరు వేసి, వారి అనుమతితోనే ఇవ్వండి: ‘మా ఇంట్లో ఒకరికి సీలియాక్ వ్యాధి ఉన్నది. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఇదే జబ్బు ఉన్న కుటుంబాలతో తిండి సంగతులు, సరుకులు దొరికే చోట్లు పంచుకోవాలని కోరుకుంటున్నాము. డబ్బు వసూలు లేదు, మందుల అమ్మకం లేదు. ఇష్టమున్నవారు సాయంత్రం పూట ఫోన్ చేయగలరు.’

ఇట్లు,
మీ మేలు కోరే
తిరుపతి అమ్మమ్మ