మనిషి మంచోడా, చెడ్డోడా? కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

సైకాలజీ చెప్పేవాళ్లకు విశాఖలో ఏ క్లాసుకెళ్లినా ఎదురయ్యే ప్రశ్న ఇది. మంచితనాన్ని కొలిచే థర్మామీటరేదీ మా దగ్గర లేదు. ఎలాంటి పరిస్థితిలో ఎంతమంది ఏం చేశారో చెప్పే లెక్కలు మాత్రం ఉన్నాయి.

అపోహ: రోడ్డు మీద మనిషి పడిపోతే వందమంది చూస్తారు, ఒక్కడూ కదలడు. జనానికి జాలి లేదు.

వాస్తవం: జాలి ఉంది. "ఎవరో ఒకరు చూసుకుంటార్లే" అన్న ధీమా దానికి అడ్డొస్తుంది. 1968లో సైకాలజిస్టులు డార్లీ, లటానే ప్రచురించిన ప్రయోగంలో, పక్కగదిలో ఎవరికో మూర్ఛ వస్తున్నట్టు ఇంటర్‌కమ్‌లో వినిపించారు. వింటున్నది తామొక్కరే అనుకున్నవాళ్లలో 85 శాతం మంది ఆ గొంతు ఆగేలోపే సాయం కోసం వెళ్లారు. ఇంకో నలుగురు వింటున్నారనుకున్నవాళ్లలో 31 శాతమే. అదే ఆమ్‌స్టర్‌డామ్, లాంకస్టర్, కేప్‌టౌన్ సీసీ కెమెరాలకు చిక్కిన 219 వీధి గొడవల్లో, పదింట తొమ్మిదిసార్లు ఎవరో ఒకరు కలగజేసుకున్నారు. జనం ఎక్కువున్నచోట ఆ అవకాశం ఇంకా పెరిగింది. కొట్లాట అందరికీ కనిపిస్తుంది, పక్కవాళ్లేం చేస్తున్నారో కూడా తెలుస్తుంది. పడిపోయినాయన తాగి పడ్డాడా, గుండెపోటా అనే అనుమానం వచ్చినచోటే కాళ్లు ఆగిపోతాయి.

మద్దిలపాలెం జంక్షన్‌లో ఎవరో బైకు జారి పడ్డారనుకోండి. "ఎవరైనా అంబులెన్సు పిలవండి" అని అరిస్తే నలుగురు ఫోన్లు తీస్తారు, వీడియోకి. ఒకరి కళ్లలోకి చూసి, వేలు చూపించి చెప్పండి: "నీలం చొక్కా తమ్ముడూ, 108కి చెయ్యి, స్పీకర్ పెట్టు." ఇంకొకరికి: "బాబాయ్, వెనకొచ్చే బస్సుల్ని ఆపండి." మెడ కదపొద్దు, నీళ్లు తాగించొద్దు, ఊపిరాడుతుంటే హెల్మెట్ లాగొద్దు. పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాలేమోనన్న భయం మరో అడ్డు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 134ఎ సెక్షన్, సదుద్దేశంతో సాయం చేసినవాళ్లకు రక్షణ ఇస్తుంది. పేరు చెప్పమని వాళ్లను బలవంతం చేయకూడదు.

అపోహ: పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు.

వాస్తవం: అమెరికాలో సైకాలజిస్టు మిల్‌గ్రామ్ 1961లో మొదలుపెట్టిన ప్రయోగాల్లో, ప్రయోగం నడిపేవాడు చెప్పాడని 40 మందిలో 26 మంది ఇంకో మనిషికి షాకిచ్చే స్విచ్‌లను 450 వోల్టుల దాకా నొక్కారు (షాకులు ఉత్తుత్తివే, నొక్కినవాళ్లకు ఆ సంగతి తెలీదు). పక్కన కూర్చున్న ఇద్దరు "మేం చెయ్యం" అని లేచిపోయేలా ఏర్పాటు చేసినప్పుడు చివరిదాకా వెళ్లింది 40 మందిలో నలుగురే. తప్పుడు పని చేయిస్తున్న ఆఫీసులో మొదట కాదన్నవాడి విలువ అంత.

కుర్రాళ్లను ఖైదీలుగా, కాపలాదారులుగా విడదీసి చేసిన 1971 నాటి స్టాన్‌ఫర్డ్ జైలు ప్రయోగాన్ని మాత్రం, పరిస్థితే మనిషిని మారుస్తుందనడానికి రుజువుగా చూపించడం మానేస్తే మంచిది. కాపలాదారులను కఠినంగా ఉండమని నిర్వాహకులే ఎగదోసిన టేపులు తర్వాత బయటపడ్డాయి.

అపోహ: పసిపిల్లలు దేవుళ్లే, లోకమే చెడగొడుతుంది.

వాస్తవం: ఏడాదిన్నర పిల్లలు ఎవరూ అడక్కుండానే కింద పడ్డ వస్తువు అందిస్తారు, నిజమే. బొమ్మలాటలో అడ్డుపడే బొమ్మను వదిలి సాయం చేసే బొమ్మనే నెలల పిల్లలు ఎంచుకుంటారన్న 2007 నాటి ఫలితం మాత్రం, చాలా ల్యాబులు కలిసి మళ్లీ చేసి చూస్తే నిలబడలేదు.

అపోహ: విపత్తు వస్తే ముసుగు తొలగి అసలు రంగు బయటపడుతుంది.

వాస్తవం: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తర్వాత వీధుల్లో పడ్డ చెట్లను నరికి దారి చేసినవాళ్లూ ఈ ఊరివాళ్లే, పాల ప్యాకెట్ల ధర పెంచి అమ్మినవాళ్లూ ఈ ఊరివాళ్లే. ఏది అసలు రంగు?

అపోహ: పర్సులో డబ్బుంటే ఇక తిరిగి రాదు.

వాస్తవం: 2019లో వెలువడిన అధ్యయనంలో 40 దేశాల్లో 17 వేలకు పైగా పర్సులు "దొరికాయి" అని చెప్పి కౌంటర్లలో ఇచ్చి చూశారు. డబ్బు లేనివాటిలో సుమారు 40 శాతానికి, డబ్బున్నవాటిలో 51 శాతానికి యజమానికి కబురందింది. తాళంచెవి ఉంటే ఇంకాస్త ఎక్కువ. కాబట్టి పర్సులో ఫోన్ నంబరు రాసిన చీటీ ఒకటి పెట్టుకోండి. ఇవ్వాలనే ఉన్నా, ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలియాలిగా.